కనుమ ఎక్కేసరికి పెట్రోలు ట్యాంకు బుసకొడుతోంది, రెండు మూతలు మార్చినా తగ్గలేదు

ఘాట్‌రోడ్డు:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా చెబుతాను, ఏమీ అనుకోకండి. అరకొరగా చెబితే సలహాలూ అరకొరగానే వస్తాయని ఇదివరకు ఓసారి తెలిసొచ్చింది.

బండి పెట్రోలు ఫోర్ వీల్ డ్రైవ్, వయసు ఇరవై రెండేళ్లు. ఇంజెక్షన్ ఇంజనే గానీ పాత పద్ధతి. ఇంజను దగ్గర మిగిలిపోయిన పెట్రోలు రిటర్న్ లైనులో మళ్లీ ట్యాంకుకే వస్తుంది. ట్యాంకు రేకుది, 70 లీటర్లు పడుతుంది, వెనక ఇరుసుకు ముందు కుడివైపున ఉంటుంది. సైలెన్సర్ గొట్టం దాని పక్కనుంచే పోతుంది. రాళ్ల దెబ్బ తగలకుండా ట్యాంకు కింద మూడేళ్ల కిందట నేనే ఒక మందపాటి ఇనుప పలక బిగించాను. ఆవిరి పట్టే బొగ్గు క్యానిస్టర్ వెనక బంపర్ లోపలివైపున ఉంది. దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు.

పోయిన నెల 500 మీటర్ల ఎత్తు నుంచి 3,900 మీటర్ల కనుమ దాకా ఒకే రోజులో ఎక్కాం. తారు రోడ్డు ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. ఆఖరి 18 కిలోమీటర్లు రాళ్లదారి, లో గేరులో నత్తనడక, రెండున్నర గంటలు పట్టింది. వెనకనుంచి గాలి, మంచి ఎండ. పైకి చేరేసరికి బండిలో పెట్రోలు వాసన గుప్పుమంది. ఎక్కడైనా కారుతోందేమోనని కింద దూరి చూశాను, తడి లేదు. సరే అని మూత పావు వంతు తిప్పానో లేదో, బుస్సుమని మొదలైంది. సైకిల్ ట్యూబు పిన్ను నొక్కినట్టు కాసేపు వచ్చి ఆగిపోతుందనుకున్నా. ఆగలేదు. మూత అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు, అలా వస్తూనే ఉంది. చెవి దగ్గర పెడితే లోపల ఎసరు మరుగుతున్నట్టు గుడగుడమని చప్పుడు. ఓపిక నశించి ఇంకాస్త తిప్పాను. అంతే, పెట్రోలు పిచికారీలా ఎగిరి చొక్కా చెయ్యంతా తడిపేసింది. మా ఆవిడ అప్పటికే బండి దిగి దూరంగా వెళ్లి ఒక బండరాయి మీద కూర్చుంది. మా ఇద్దరిలో తెలివైనది ఆవిడే.

కిందికి వచ్చాక మెకానిక్‌కు చెబితే "మూత పోయింది" అని కొత్తది వేశాడు. రెండు వారాల తర్వాత మళ్లీ అదే దారిలో వెళ్లాం, మళ్లీ అదే కథ. ఈసారి బండి తయారు చేసిన కంపెనీ మూతే తెప్పించి బిగించాడు. పోయిన ఆదివారం మూడోసారి వెళ్లాం. మళ్లీ బుస. "ఎత్తులో అంతేనండీ, అన్ని బండ్లకూ ఉంటుంది" అని ఇప్పుడు మాట మార్చాడు.

ఇంకో విషయం. కిందికి దిగిన మర్నాడు పొద్దున, చల్లబడ్డ బండికి మూత తీస్తే మళ్లీ చప్పుడు వచ్చింది, కానీ చిన్నగా, ఒక్క క్షణమే. అది బయటికి వదిలిందో లోపలికి పీల్చిందో తేల్చుకోలేకపోయాను.

డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు. ఇంజను ఎక్కడా ఆగలేదు, పైన మాత్రం ఐడిల్ కాస్త తడబడింది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రెండుచక్రాలు:

అన్నా, నాది బైకు కాబట్టి నా సంగతి కొంచెం వేరు, కానీ పనికొస్తుందేమో చూడు. ఒకసారి ఘాట్‌లో ప్రతి ఇరవై నిమిషాలకూ బండి ఆగిపోయేది. ట్యాంకు మూత తెరిస్తే "సుయ్" మని గాలి లోపలికి పోయి, మళ్లీ స్టార్ట్ అయ్యేది. ప్లగ్గు మార్చాను, ఫిల్టర్ మార్చాను, ఎత్తుకు కార్బురేటర్ సరిపోవడం లేదని తిట్టుకున్నాను. చివరికి చూస్తే ట్యాంకు మీద కట్టిన బ్యాగు మూతలోని గాలి రంధ్రాన్ని మూసేసింది. పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ లోపల శూన్యం ఏర్పడి, కిందికి దిగడం మానేసింది. బ్యాగు రెండు వేళ్లు వెనక్కి జరిపాను, అంతటితో సరి.

నీది కూడా గాలి ఆడక వచ్చిన జబ్బే అనిపిస్తోంది. మూతకు సన్నటి డ్రిల్లుతో ఒక బెజ్జం వేస్తే పోలా?

గ్రీజుచేతులు:

బెజ్జం మాట ముందు పక్కన పెట్టండి. కారు మూతకు బెజ్జం వేస్తే పెట్రోలు ఆవిరి ఇరవై నాలుగు గంటలూ బయటికి వస్తూనే ఉంటుంది. అది గాలి కంటే బరువు, పైకి పోదు, నేలబారున పాకుతుంది. షెడ్డులో పెట్టిన బండి కింద చేరి ఎక్కడో ఒక నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. బండి పల్టీ కొడితే ఆ బెజ్జంలోంచి పెట్రోలే కారుతుంది. వద్దు తమ్ముడూ. అయితే నీ బైకు అనుభవం మాత్రం చాలా విలువైనది, ఎందుకంటే అది సరిగ్గా ఘాట్‌రోడ్డు గారి జబ్బుకు తలకిందులు. నీ ట్యాంకు ఊపిరి పీల్చుకోలేకపోయింది, ఆయన ట్యాంకు ఊపిరి వదల్లేకపోతోంది.

ఘాట్‌రోడ్డు గారూ, మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క ఏమిటో తెలుసా? "రెండు నిమిషాలైనా ఆగలేదు" అన్నది. బుస ఎంత గట్టిగా వచ్చిందని అందరూ చెబుతారు, ఎంతసేపు వచ్చిందో ఎవరూ చెప్పరు. అసలు సంగతి దాంట్లోనే ఉంటుంది.

ట్యాంకులో చిక్కుకున్నది వట్టి గాలే అయితే మూత వదులు చేయగానే ఐదారు క్షణాల్లో ఖాళీ అయిపోతుంది. నిమిషాల తరబడి వస్తోందంటే లోపల కొత్త ఆవిరి పుడుతోందన్నమాట. మీరు విన్న గుడగుడ అదే. మీ పెట్రోలు నిజంగానే మరుగుతోంది. పైగా మూత తీయడం వల్ల ఒత్తిడి తగ్గి ఇంకా ఎక్కువ మరుగుతుంది, సోడా సీసా మూత తీసినట్టు. చొక్కా తడిసింది అందుకే.

కొంచెం లెక్క చూద్దాం, విసుక్కోకండి. 500 మీటర్ల ఎత్తున వాతావరణ పీడనం సుమారు 95 కిలోపాస్కల్. 3,900 మీటర్ల దగ్గర 62 పైచిలుకు. ట్యాంకు సగం ఖాళీ అనుకుంటే లోపల 35 లీటర్ల గాలి, ఆవిరి ఉంటాయి. పైకి వెళ్లేసరికి అది ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది. అంటే దారి మొత్తం మీద 18 లీటర్ల చిల్లర బయటికి పోవాలి. ఆరేడు గంటల ప్రయాణంలో 18 లీటర్లు ఒక లెక్క కాదు, సన్నటి గొట్టమైనా వదిలేస్తుంది. "ఎత్తుకు గాలి వ్యాకోచించింది" అని చెప్పి ఊరుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

ఇప్పుడు మరగడం సంగతి. పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం 100 గ్రాములు మరిగితే, ఆ ఎత్తులో సుమారు 60 లీటర్ల ఆవిరి అవుతుంది. 100 గ్రాములంటే చిన్న గ్లాసుడు. ఆ గ్లాసుడు పెట్రోలు, మీరు దారి పొడవునా ఎక్కిన కొండ కంటే మూడు రెట్లు ఎక్కువ పని పెడుతుంది. అదీ పావుగంటలో.

ఎప్పుడు మరుగుతుంది? దాని ఆవిరి నెట్టే ఒత్తిడి, అంటే ఆవిరి పీడనం, బయటి గాలి పీడనాన్ని అందుకున్నప్పుడు. పెట్రోలు ఆవిరి పీడనాన్ని 37.8 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఎండాకాలపు పెట్రోలుకు అది 60 కిలోపాస్కల్ దగ్గర ఉండొచ్చు. చలికాలంలో చలికి బండి స్టార్ట్ అవ్వాలని ఇంకా తేలిగ్గా ఆవిరయ్యే రకం అమ్ముతారు, అది 90 దాకా పోవచ్చు. బయట పీడనం 62 ఉన్నచోట మొదటి రకం 40 డిగ్రీలకు అటూ ఇటూగా మరుగుతుంది, రెండోది 30 లోపే మొదలుపెడుతుంది. పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలిపితే ఆవిరి పీడనం ఇంకో ఏడు కిలోపాస్కల్ పెరుగుతుంది. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయన్న లెక్క మన తలలో ఉండిపోయి, "ట్యాంకు ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంది కదా" అనుకుంటాం. పెట్రోలుకు ఆ గోరువెచ్చనే చాలు.

కాబట్టి మీ ముందు రెండు ప్రశ్నలున్నాయి, వాటిని కలపకండి. ఒకటి, ట్యాంకు ఎందుకంత వేడెక్కుతోంది? రెండు, వచ్చిన ఆవిరిని వెంట్ దారి, అంటే ట్యాంకు ఊపిరి వదిలే గొట్టాల దారి, వదులుతోందా లేదా? మూత మార్చిన మెకానిక్ ఈ రెండిట్లో దేన్నీ చూడలేదు. మూత చివరి కాపలావాడు మాత్రమే. మామూలుగా ఆవిరి పోవాల్సింది మూతలోంచి కాదు, రోల్‌ఓవర్ వాల్వ్ (బండి పల్టీ కొడితే పెట్రోలు కారకుండా మూసుకునేది) గుండా క్యానిస్టర్‌కు పోయి, అక్కణ్నుంచి పర్జ్ వాల్వ్ (క్యానిస్టర్‌లోని ఆవిరిని ఇంజను లాగేసుకునేలా తెరుచుకునేది) గుండా ఇంజనులోకి.

వేడి సంగతి మీ చేతిలోని పనే. ట్యాంకుకూ సైలెన్సర్‌కూ మధ్య ఒక రేకు, అదే హీట్ షీల్డ్, ఉందో లేదో చూడండి. కొలిమి పక్కన నీళ్లబిందె పెట్టినట్టు ఉంటుంది ఆ అమరిక, మధ్యలో తెర లేకపోతే. మీరు బిగించిన పలక మీద కూడా నాకు అనుమానమే. అది రాళ్లను ఆపినట్టే కింద నుంచి తగిలే గాలినీ ఆపుతుంది. ట్యాంకులో ఎంత పెట్రోలు ఉందో రాయలేదు. తక్కువ ఉంటే రిటర్న్ లైను తెచ్చే వేడికి త్వరగా కాగుతుంది.

వెంట్ దారికి నేను చేసే పరీక్ష చవకబారుది, కానీ అబద్ధం చెప్పదు. రెండు మీటర్ల పారదర్శకమైన గొట్టం తీసుకోండి. ఒక చెక్కపలకకు యు ఆకారంలో బిగించి సగానికి రంగునీళ్లు పోయండి. ట్యాంకు నుంచి క్యానిస్టర్‌కు వచ్చే గొట్టంలో ఒక టీ-జాయింటు పెట్టి ఒక కొస దానికి తగిలించండి, రెండో కొస గాలికి వదిలేయండి. రెండు వైపుల నీళ్లకూ పది సెంటీమీటర్ల తేడా అంటే ఒక కిలోపాస్కల్. పలక బండి బయట ఉండాలి, సైలెన్సర్ వైపు కాకుండా. పరీక్ష చేసేటప్పుడు సిగరెట్టు, లైటరు దరిదాపుల్లో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

నీళ్లు ఎక్కువగా లేచాయనుకోండి, బండి ఆపి, చల్లారనిచ్చి, క్యానిస్టర్ దగ్గర ట్యాంకు వైపు గొట్టం ఊడదీయండి. ఊడదీయగానే బుస్సుమని ఒత్తిడి పోయిందా, అయితే తప్పు క్యానిస్టర్‌లోనో దాని అవతలో ఉంది. ఏమీ రాలేదా, కానీ మూత దగ్గర ఒత్తిడి ఉందా, అయితే ట్యాంకుకూ క్యానిస్టర్‌కూ మధ్య గొట్టం నలిగిందో, రోల్‌ఓవర్ వాల్వ్ అంటుకుపోయిందో. ఒక్క గొట్టం తీసి సగం బండిని నిర్దోషిగా వదిలేయొచ్చు.

కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు. అర చదరపు మీటరు రేకు మీద పది కిలోపాస్కల్ పడితే అర టన్ను బరువుతో సమానం. ట్యాంకు ఉబ్బడం నేను కళ్లారా చూశాను.

మర్నాటి చప్పుడు గురించి: పల్చటి కాగితం ముక్కను మూత అంచు దగ్గర పట్టుకుని తిప్పండి. కాగితం లోపలికి అతుక్కుంటే పీల్చినట్టు, బయటికి ఎగిరితే వదిలినట్టు.

నల్లపొగ:

నాది డీజిల్. డీజిలు ఈ వేడికి మరగదు కాబట్టి పై కథంతా నాకు లేదు. కానీ ఘాట్ దిగేటప్పుడు ట్యాంకు గాలి పీల్చుకునే బ్రీదర్ గొట్టం బురదతో మూసుకుపోయి, కిందికి వచ్చేసరికి ట్యాంకు పక్క రేకు లోపలికి సొట్టపడింది. పైన పల్చటి గాలి నింపుకుని, కింద చిక్కటి గాలిలోకి వచ్చాం కదా. అందుకే ఘాట్‌రోడ్డు గారు దిగాక వచ్చిన ఆ చిన్న చప్పుడును వదిలేయొద్దు. అది లోపలికి పీల్చినదే అయితే, మీకు వేడి ఒక్కటే కాదు, గొట్టం కూడా మూసుకుని ఉన్నట్టే.

ఘాట్‌రోడ్డు:

గ్రీజుచేతులు గారూ, నల్లపొగ గారూ, ఇద్దరికీ దండం. ఈ వారం సెలవు పెట్టి మరీ బండి కింద పడుకున్నాను. ఇవిగో నా కొలతలు.

కాగితం పరీక్ష ఇంటి దగ్గరే చేశాను. రాత్రంతా చల్లారాక మూత తిప్పితే కాగితం టక్కున అంచుకు అతుక్కుంది. అంటే పీల్చింది.

తర్వాత మీరు చెప్పిన పలక చేశాను. ఎర్ర సిరా కలిపిన నీళ్లు, పాత స్కూలు స్కేలు, నాలుగు క్లిప్పులు. దాన్ని వెనక స్టెప్నీకి తాళ్లతో కట్టాను. కనుమ దాకా పోలేదు, 2,800 మీటర్ల దాకా ఒక రాళ్లదారి ఉంటే అక్కడికి వెళ్లాను. బయల్దేరేటప్పుడు తేడా రెండు సెంటీమీటర్లు. తారు రోడ్డు మీద 2,000 మీటర్ల దగ్గర తొమ్మిది. రాళ్లదారిలో గంటసేపు పాకాక ఆగి చూస్తే 31. స్కేలు అయిపోయింది. ఇంజను ఆపి చూస్తూ నిలబడ్డాను, తగ్గుతుందేమోనని. తగ్గలేదు సరికదా, పది నిమిషాల్లో నీళ్లు మెల్లగా ఎక్కి ఎక్కి గొట్టం కొసనుంచి కిందికి చిమ్మాయి. ఆ ఎర్రనీళ్లు బంపర్ మీద కారుతుంటే దారిన పోయే ఒకాయన ఆగి, "ఏమన్నా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. బండికి బీపీ చూస్తున్నానని చెప్పాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఉష్ణోగ్రత కొలిచే గన్ను ఒకటి అరువు తెచ్చాను. ట్యాంకు ఎడమ పక్క 41 డిగ్రీలు, సైలెన్సర్ వైపు 56. ఒకే ట్యాంకుకు అటూ ఇటూ 15 డిగ్రీల తేడా! వంగి చూస్తే ఆ వైపు ఛాసిస్‌కు మూడు ఖాళీ బోల్టు రంధ్రాలు, వాటి చుట్టూ వాషర్ సైజు తుప్పు గుండ్రాలు. అక్కడ ఒకప్పుడు రేకు ఉండేది. నాలుగేళ్ల కిందట సైలెన్సర్ మార్పించాను. ఆ షెడ్డువాళ్లు విప్పిన రేకును తిరిగి బిగించలేదు, నేనూ చూసుకోలేదు. చూసుకోకపోగా ఆ తర్వాత కింద పలక బిగించి గాలి కూడా ఆపేశాను.

ఇక గొట్టం. బాగా చల్లారాక క్యానిస్టర్ దగ్గర ట్యాంకు వైపు గొట్టం లాగాను. "ఫుస్స్" మని నిండుగా వచ్చింది, ట్యాంకు తేలికపడ్డట్టు లోపల రేకు "టంగ్" మంది కూడా. అంటే తప్పు క్యానిస్టర్ అవతల. క్యానిస్టర్ విప్పి, బయటి గాలికి తెరిచి ఉండాల్సిన దాని గాలి గొట్టం కొస చూశాను. మట్టి. గట్టిగా, గుండ్రంగా, ఎవరో వేలితో మెత్తినట్టు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొడిగా రాలింది, లోపల ఒక ఎండిపోయిన సాలీడు, ఒక ఖాళీ గూడు. మట్టిగూడు కట్టే కందిరీగ పని. రెండు మూతలు మార్చిన ఘనకార్యం వెనక ఇదన్నమాట.

ఒక సందేహం. క్యానిస్టర్ చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపించింది, ఊపితే లోపల గలగల లేదు గానీ పెట్రోలు వాసన ఘాటుగా ఉంది. మార్చాలా? ఇంకోటి, పర్జ్ వాల్వ్ బాగానే ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

గ్రీజుచేతులు:

నల్లపొగ గారి మాట నిజమైంది చూశారా. రెండు జబ్బులు ఒకే ఒంట్లో. ఇంజను ఆపాక నీళ్లు ఇంకా ఎక్కడం సహజమే, కాలిన సైలెన్సర్ వేడి అప్పుడే చల్లారదు, బండి కదలదు కాబట్టి గాలీ ఉండదు. అందుకే ఎక్కడం అవగానే మూత మీద చెయ్యి వేయకూడదు. అరగంట, గంట అలా వదిలేయాలి. తప్పదనుకుంటే మూత మీద గుడ్డ వేసి, మొహం పక్కకు పెట్టి, వెంట్రుకవాసి తిప్పి ఆగాలి.

పర్జ్ వాల్వ్ సులువు. విప్పి, కరెంటు ఇవ్వకుండా చిన్న చేతిపంపుతో గాలి లాగండి, శూన్యం నిలవాలి. తర్వాత 12 వోల్టులు ఇస్తే టక్కుమని తెరుచుకుని శూన్యం పోవాలి. కరెంటు లేకుండానే గాలి పోతోందంటే అది ఎప్పుడూ తెరిచే ఉందన్నమాట, మీ ఐడిల్ తడబాటు దానివల్ల కావచ్చు. వాల్వ్ బెజ్జంలో నల్లటి పొడి కనిపిస్తే క్యానిస్టర్‌లో బొగ్గు చితికిపోతోందని అర్థం, అప్పుడు రెండూ మార్చండి.

క్యానిస్టర్ బరువు గురించి ఒక్క ప్రశ్న: పెట్రోలు బంకులో నాజిల్ టక్ మని ఆగాక ఇంకా పోయించుకునే అలవాటు ఉందా? నిజం చెప్పండి. ఆ అదనపు పెట్రోలు వెంట్ గొట్టంలోంచి బొగ్గు మీదికి పోతుంది. పెట్రోలుతో తడిసిన బొగ్గు ఇంక ఆవిరి పట్టదు. పైగా 70 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే ఒక లీటరు పైనే ఉబ్బుతుంది, నిండు ట్యాంకులో దానికి చోటెక్కడిది? ఇంకో చిక్కు కూడా ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఇంజను లాగే శూన్యం తగ్గుతుంది, ఆ కనుమ మీద ఐడిల్‌లో కింద ఉన్నదాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. అంటే క్యానిస్టర్‌ను ఖాళీ చేయాల్సిన సమయంలోనే ఇంజనుకు ఊపు తక్కువ. కనుక కొండ ఎక్కే ముందు క్యానిస్టర్ పొడిగా ఉండాలి.

స్కానర్‌పిచ్చి:

లైటు ఎందుకు వెలగలేదని ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెబుతాను. ఘాట్‌రోడ్డు గారి బండికి ట్యాంకు ప్రెషర్ సెన్సార్ ఉందో లేదో తెలీదు. ఉన్న బండ్లలో కూడా బండి కంప్యూటర్ చేసుకునే ఆవిరి లీకు పరీక్షకు చాలా షరతులుంటాయి. ట్యాంకు మరీ నిండుగా, మరీ ఖాళీగా ఉండకూడదు, ఇంజను చల్లగా మొదలవ్వాలి, అలాంటివి. చాలా బండ్లలో సుమారు 2,400 మీటర్లు దాటాక ఆ పరీక్షే నడవదు, తప్పుడు కోడ్లు వస్తాయని నిబంధనలే ఆ వెసులుబాటు ఇచ్చాయి. అంటే మీకు సమస్య వచ్చే చోట కంప్యూటర్ కళ్లు మూసుకుని ఉంటుంది. "లైటు రాలేదు కాబట్టి బాగానే ఉంది" అనుకోవద్దు.

కొత్త బండి ఉన్నవాళ్లు ఎర్రనీళ్ల పలక కట్టక్కర్లేదు. స్కానర్‌లో ఇవాప్ వేపర్ ప్రెషర్ (ట్యాంకులోని ఆవిరి ఒత్తిడి), బేరోమెట్రిక్ ప్రెషర్ (బయటి గాలి పీడనం) రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎక్కండి. రెండోది మెల్లగా తగ్గుతుంటే మొదటిది సున్నా చుట్టూనే ఊగాలి. రెండోది తగ్గేకొద్దీ మొదటిది పెరుగుతూ పోతే వెంట్ దారిలో అడ్డం. తారు రోడ్డు మీద సున్నా దగ్గరే ఉండి, రాళ్లదారిలో పాకేటప్పుడు మాత్రమే లేస్తే వేడి.

ఘాట్‌రోడ్డు:

స్కానర్‌పిచ్చి గారి ఆఖరి రెండు వాక్యాలు మొదటిరోజే చదివి ఉంటే నాకు సెలవులు మిగిలేవి. నా పలక కూడా అదే చెప్పింది, నాకే చదవడం రాలేదు. తారు రోడ్డు మీదే తొమ్మిది వచ్చింది, అది గొట్టం. రాళ్లదారిలో 31 దాటింది, అది వేడి.

బంకు సంగతి ఒప్పుకుంటున్నాను. టక్ మన్నాక "ఇంకొంచెం, ఇంకొంచెం" అని పోయించుకునే మనిషిని నేనే. పెట్రోలు తక్కువైతే కొండ మీద చిక్కుకుంటామని భయం.

చేసిన పనులు: కొత్త క్యానిస్టర్. గాలి గొట్టం కొసను బంపర్ లోపలి నుంచి పైకి, ఛాసిస్ మీదికి మళ్లించి చివర సన్నటి జల్లెడ పెట్టాను. పర్జ్ వాల్వ్ శూన్యం నిలబెట్టింది, దాన్ని మార్చలేదు. సైలెన్సర్ పక్కన అల్యూమినియం రేకు, రేకుకూ ట్యాంకుకూ మధ్య వేలెడు సందు వదిలి బిగించాను. కింద పలక తీసేయడానికి మనసొప్పలేదు. దానికి బొటనవేలు పట్టేంత రంధ్రాలు పద్నాలుగు వేసి, నాలుగు మూలలా వాషర్లు పెట్టి కిందికి దించాను.

నిన్న కనుమకు వెళ్లొచ్చాం. కింద ట్యాంకు ముప్పావు వంతే నింపించాను, నాజిల్ టక్ మనకముందే ఆపేశాను. బంకు కుర్రాడు ఆశ్చర్యపోయాడు. అదే దారి, అదే లో గేరు, ఎండ కొంచెం తక్కువ. పైన సైలెన్సర్ వైపు 43 డిగ్రీలు, అటువైపు 38. నీళ్ల తేడా ఆరు సెంటీమీటర్లు, ఇంజను ఆపాక ఎనిమిదికి వెళ్లి అక్కడే నిలబడింది. నలభై నిమిషాలు ఆగి మూత తిప్పాను, గుడ్డ వేసి, మొహం పక్కకు పెట్టి. ఒక్క చిన్న "ఫ్" అంతే. మా ఆవిడ మాత్రం ఈసారీ ముందుజాగ్రత్తగా బండరాయి మీదే కూర్చుంది.

ఐడిల్ ఇంకా కొంచెం తడబడుతోంది. దానికి వేరే ప్రశ్న వేస్తాను. మూతలు రెండు మిగిలాయి, రెండూ బాగున్నాయి. ఇలాంటి బండే ఉన్నవాళ్లెవరికైనా కావాలంటే చెప్పండి.

రెండుచక్రాలు:

అన్నా, ఒకటి నాకివ్వు. బెజ్జం వేయనులే.